డ్రాఫ్ట్స్‌మన్ నుంచి డ్రాయింగ్ ఆఫీసు మేనేజరుగా: ఒప్పుకునే ముందు ఏమేం తేల్చుకోవాలి?

ప్రశ్న: హన్మకొండ డ్రాఫ్ట్స్‌మన్

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో నక్కలగుట్ట వైపు ఉన్న ఒక స్ట్రక్చరల్ కన్సల్టెన్సీలో సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తున్నాను. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ ట్రేడ్ రెండేళ్లు చదివి, తరువాత పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తి చేశాను. అప్పటి నుంచి ఇదే వృత్తి. అపార్ట్‌మెంట్లు, ఫంక్షన్ హాళ్లు, రైస్ మిల్లుల షెడ్లు, పాఠశాల భవనాలు మా ఆఫీసుకు ఎక్కువగా వస్తుంటాయి. సెంటర్‌లైన్ డ్రాయింగు మొదలుకొని ఫుటింగులు, కాలమ్ షెడ్యూలు, బీములు, స్లాబులు, చివరికి బార్ బెండింగ్ షెడ్యూలు (ఏ కడ్డీ ఎంత పొడవు, ఎలా వంచాలి అన్న పట్టిక) వరకు అన్నీ గీసే అలవాటు నాకు ఉంది.

ఇటీవల మా సారు నన్ను పిలిచి, డ్రాయింగ్ విభాగం మొత్తానికి మేనేజరుగా ఉండమని అడిగారు. పనులు పెరిగాయి, సైట్లు తిరగడానికే ఆయనకు సమయం సరిపోవడం లేదు. విభాగంలో నాతో కలిపి ఎనిమిది మందిమి ఉన్నాము. వారిలో ఒకరు నాకు ఈ పని నేర్పిన అన్న. వయసులోనూ అనుభవంలోనూ నాకన్నా పెద్దవారు. ఇద్దరు బీటెక్ చదివి కొత్తగా చేరిన పిల్లలు. జీతం కొంత పెంచుతానని సారు అన్నారు గాని, రాత్రి పొద్దుపోయే దాకా కూర్చున్నప్పుడు ఇప్పుడు వస్తున్న అదనపు డబ్బు ఇక ఉండదని కూడా అన్నారు.

నా సందేహాలు ఇవి. గీయడంలో నాకు మంచి పేరు ఉన్నమాట నిజమే, కానీ గీయించడం నాకు వస్తుందో రాదో తెలియదు. డిప్లొమాతో ఉన్న నేను బీటెక్ చదివిన వారికి పని అప్పగించి, తప్పులు చూపితే వారు వింటారా? అన్న కూర్చున్న గదిలో నేను మేనేజరుగా ఎలా కూర్చోవాలి? దీనికోసం ఎంబీఏ వంటిది ఏదైనా చదవడం అవసరమా? ఒకసారి ఆటోక్యాడ్ (కంప్యూటరులో డ్రాయింగు గీసే సాఫ్ట్‌వేర్) వదిలేస్తే, రేపు ఈ కొలువు పోయినప్పుడు పట్నంలో నన్ను ఎవరు తీసుకుంటారు? ఇలాంటి మార్పును దగ్గరగా చూసినవారు చెబితే మేలు.

జవాబు: గోదావరిఖని నుంచి ఒక విశ్రాంత హెడ్ డ్రాఫ్ట్స్‌మన్

ట్రేసింగ్ కాగితం మీద ఇంకుతో గీసి అమ్మోనియా ప్రింట్లు తీసిన రోజుల్లో ఈ పనిలోకి వచ్చి, కంప్యూటర్ల కాలంలో బయటికి వెళ్లినవాడిని. ఆటోక్యాడ్ అమెరికాలో 1982లోనే వచ్చింది గాని, మన వైపు ఆఫీసుల్లో డ్రాయింగ్ బోర్డులు మూలకు చేరడానికి చాలా కాలం పట్టింది. పనిముట్లు మారినా మీరు అడిగిన ప్రశ్న మారలేదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీరు రోజూ గీసే షీటులో కుడివైపు కింద టైటిల్ బ్లాకు ఉంటుంది. అందులో గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు అని మూడు గడులు ఉంటాయి. ఇన్నాళ్లూ మీ పొట్టి సంతకం మొదటి గడిలో పడింది; ఇకపై రెండో గడిలో పడుతుంది. మొదటి గడిలో సంతకం పెట్టినవాడు తాను గీసిన గీతలకు జవాబు చెబితే సరిపోతుంది. రెండో గడిలో పెట్టినవాడు తాను గీయని గీతలకు కూడా జవాబు చెప్పాలి. మేనేజరు పదవిలో మిగిలిన విషయాలన్నీ, అంటే పని పంచడం, గడువులు, సెలవులు, క్లయింట్లతో మాటలు, ఈ ఒక్కదాని చుట్టూనే తిరుగుతాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. ప్రతి ఆఫీసులోనూ జనరల్ నోట్సు షీటు ఒకటి ఉంటుంది, దాన్ని పాత పనిలో నుంచి కొత్త పనిలోకి కాపీ చేసుకుంటారు. ఐఎస్ 456:2000 (కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణం) లెక్క ప్రకారం, ఎం20 రకం కాంక్రీటులో లాగుడుకు గురయ్యే ఎఫ్‌ఈ415 కడ్డీకి డెవలప్‌మెంట్ లెంగ్త్ (కడ్డీ జారకుండా కాంక్రీటు లోపల ఉండవలసిన పొడవు) వ్యాసానికి సుమారు 47 రెట్లు ఉండాలి. అదే కాంక్రీటులో ఎఫ్‌ఈ500 కడ్డీ వాడితే సుమారు 57 రెట్లు కావాలి. 16 మి.మీ. కడ్డీ తీసుకుంటే మొదటిదానికి 752 మి.మీ., రెండోదానికి 912 మి.మీ. అవుతుంది. ఇంజనీరు డిజైనులో ఎఫ్‌ఈ500 వాడారు, మీ దగ్గరి పిల్లవాడు మాత్రం పాత షీటులోని 47 రెట్ల నోటును అలాగే కాపీ చేశాడనుకోండి. ప్రతి బీము చివరా 160 మి.మీ. కడ్డీ తగ్గిపోతుంది, అదీ ఎవరి కంటా పడకుండా. ఇక్కడ తప్పు కాపీ చేసిన పిల్లవాడిది అనుకుంటే మీరు ఇంకా డ్రాఫ్ట్స్‌మన్‌గానే ఆలోచిస్తున్నారన్నమాట. ఆఫీసులో అందరూ వాడే నోట్సు షీటును ఎవరు కాపాడాలి, అది ఎప్పుడెప్పుడు మారాలి, పాతది ఫోల్డరులో నుంచి ఎవరు తీసేయాలి అన్నవి మేనేజరు ప్రశ్నలు. వీటికి జవాబు ఏర్పాటు చేసినవాడికే ఆ కుర్చీ తగుతుంది.

సరిచూసేటప్పుడు ఒక నియమం కచ్చితంగా పాటించండి. తప్పు కనిపించగానే ఆ పిల్లవాడిని లేపి, మీరే అతని కుర్చీలో కూర్చుని దిద్దేయాలని చేయి లాగుతుంది, ఎందుకంటే మీకు అది రెండు నిమిషాల పని. అలా చేస్తే షీటు ఆ రోజుకు బాగుపడుతుంది, అతను మాత్రం ఏమీ నేర్చుకోడు, మీరు రాత్రి పది దాకా అక్కడే ఉంటారు. ప్రింటు తీయించండి, సరిగా ఉన్న ప్రతి కొలతనూ పసుపు రంగుతో, మార్చవలసినదాన్ని ఎరుపుతో గుర్తించి తిరిగి ఇవ్వండి. పసుపు ముఖ్యం. రంగు పడని కొలత ఎవరూ చూడని కొలత అని అందరికీ తెలియాలి. దిద్దిన తరువాత పాత ప్రింటును, కొత్త ప్రింటును పక్కపక్కన పెట్టి చూడండి.

బీటెక్ పిల్లల సంగతి మీరు భయపడినంత కష్టం కాదు. 1959లో రీజనల్ ఇంజనీరింగ్ కళాశాల వెలిసిన ఊరు మీది, అదే ఈనాటి నిట్. ఇంజనీర్లకు అక్కడ ఏనాడూ కొరత లేదు, మంచి చెకర్లకే కొరత. బాల్కనీకి మెయిన్ కడ్డీ పైభాగంలో పడాలని ఆ పిల్లలకు లెక్క ద్వారా తెలుసు. సెంట్రింగ్ మీద కూలీలు నడిచినప్పుడు ఆ కడ్డీ కిందికి దిగిపోతుందని, అందుకే చైర్లను (పై కడ్డీని ఎత్తి పట్టే చిన్న ఆధార కడ్డీలను) షెడ్యూలులో చూపించాలని మీకు తెలుసు. వారి లెక్కను గౌరవించి అడగండి, మీకు తెలిసినదాన్ని కారణంతో సహా చెప్పండి. డిగ్రీ గురించి ఎవరూ ఎత్తరు. ఎవరైనా ఎత్తారంటే ఆ రోజు మీరు కారణం చెప్పకుండా ఆజ్ఞ ఇచ్చి ఉంటారు.

జవాబు: కాజీపేట నుంచి హైదరాబాద్ వెళ్లిన బీఐఎం (భవన సమాచార మోడలింగ్) మేనేజరు

పెద్దాయన చెప్పినదానిలో ఎక్కువ భాగంతో ఏకీభవిస్తూ, కొన్ని విషయాలు జోడించాలనుకుంటున్నాను. నేను కూడా డిప్లొమాతోనే రెవిట్ (భవనాన్ని కంప్యూటరులో త్రీడీ మోడలుగా చేసే సాఫ్ట్‌వేర్) మోడలరుగా చేరి, కోఆర్డినేటరునై, ఇప్పుడు విదేశీ ప్రాజెక్టులు చేసే ఒక బృందాన్ని చూసుకుంటున్నాను. మా దగ్గర మధ్యలో కోఆర్డినేటరు అనే మెట్టు ఉంది. అక్కడ జీతాలు, సెలవులు మన చేతిలో ఉండవు, కానీ ఆర్కిటెక్చర్, స్ట్రక్చర్, పైపులు, డక్టులు ఒకదానితో ఒకటి తగలకుండా చూడడం, ఎవరి నుంచి ఏ సమాచారం రావాలో అడిగి తెప్పించడం మన బాధ్యత. మనుషులతో పని చేయించుకోవడం నేను అక్కడే నేర్చుకున్నాను, ఎందుకంటే అధికారం లేని చోట అడిగే పద్ధతి ఒక్కటే పనికివస్తుంది. మీ ఆఫీసులో అలాంటి మెట్టు లేకపోతే, కొంతకాలం ఒక్క ప్రాజెక్టుకు మాత్రమే లీడ్‌గా ఉండి చూస్తానని మీ సారును అడగవచ్చు.

గడువుల గురించి రాయకుండా ఉండలేను. డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉన్నప్పుడు గడువు మన మీద పడుతుంది. మేనేజరయ్యాక గడువు ఒప్పుకునేది మనమే. క్లయింటు ఫోనులో “రేపటికి అయిపోతుంది కదా” అన్నప్పుడు “చూస్తాం సార్” అనడం మన వైపు మర్యాద, కానీ అవతలివారు దాన్ని ఒప్పుకోలుగానే తీసుకుంటారు. ఎన్ని షీట్లు, ఒక్కొక్కటి మొదటిసారి గీయడానికి ఎన్ని గంటలు, సరిచూసి దిద్దడానికి ఎన్ని గంటలు అన్న లెక్క చేతిలో ఉంటే, “రేపు ఫుటింగులు ఇస్తాము, కాలమ్ షెడ్యూలు గురువారం ఇస్తాము, సైటులో తవ్వకం ఆగదు” అని చెప్పగలుగుతారు. అలా చెప్పినప్పుడు క్లయింటుకు కోపం రాదు. ఈ లెక్క పుస్తకాల్లో దొరకదు, మీ ఆఫీసు గంటలు మీరే రాసిపెట్టుకోవాలి. రివిజన్లకు పట్టిన గంటలను మాత్రం విడిగా రాయండి: మన పొరపాటు వల్ల వచ్చినవి, ఇంజనీరు డిజైను మార్చడం వల్ల వచ్చినవి, ఇంటి యజమాని మనసు మార్చుకోవడం వల్ల వచ్చినవి. మూడోవాటికి డబ్బు అడగవచ్చునన్న సంగతి చాలా చిన్న ఆఫీసుల్లో ఎవరికీ తట్టదు, ఎందుకంటే ఆ గంటలు ఎక్కడా రాసి ఉండవు.

చేతి పని విషయంలో మాత్రం పెద్దాయనతో కొంచెం తేడా ఉంది. గీయడం పూర్తిగా వదలవద్దు. అయితే గడువు ఉన్న షీటును మీ మీద వేసుకోవద్దు. దాని మీద కూర్చుంటే మిగతా ఏడుగురూ మీ కోసం ఆగిపోతారు. టెంప్లేట్లు, బ్లాకులు, లేయర్ల పేర్లు, ప్లాటింగ్ సెట్టింగులు, వీలైతే ఆటోక్యాడ్ పనిని తేలిక చేసే చిన్న లిస్ప్ ప్రోగ్రాములు, వీటిని మీ దగ్గర ఉంచుకోండి. ఖాళీ దొరికినప్పుడు రెవిట్ నేర్చుకోండి. పట్నంలో మిమ్మల్ని ఎవరు తీసుకుంటారన్న భయానికి అదే మందు. బీఐఎం సమాచార నిర్వహణకు సంబంధించిన ఐఎస్ఓ 19650 ప్రమాణాల మొదటి రెండు భాగాలు 2018లో వచ్చినప్పటి నుంచి పెద్ద సంస్థలు ఫైలు పేర్లు, రివిజన్లు, ఎవరు ఎప్పుడు ఆమోదించారన్న వివరాలను చాలా గట్టిగా చూస్తున్నాయి. అలాంటి క్రమశిక్షణతో ఒక విభాగాన్ని నడిపిన అనుభవం ఇంటర్వ్యూలో బాగా పనికివస్తుంది.

పీఎంపీ (ప్రాజెక్టు మేనేజ్‌మెంట్) సర్టిఫికెట్ గురించి ఎవరైనా చెబుతారు కాబట్టి ముందే రాస్తున్నాను. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారికి ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు అడిగితే, డిప్లొమా వారికి 60 నెలలు అడుగుతారు, దానితోపాటు 35 గంటల శిక్షణ ఉండాలి. గీసిన అనుభవం లెక్కలోకి రాదు, నడిపిన అనుభవమే వస్తుంది. కనుక అది ఇప్పుడు ఆలోచించవలసిన విషయం కాదు.

హన్మకొండ డ్రాఫ్ట్స్‌మన్:

ఇద్దరికీ కృతజ్ఞతలు. గంటల లెక్క ఈ వారమే మొదలుపెడతాను. అన్న విషయం మాత్రం నాకు ఇంకా బరువుగానే ఉంది. ఆయన షీటు మీద ఎర్ర పెన్ను పెట్టడం నా వల్ల అవుతుందా అన్నదే సందేహం. ఆయనకు ఈ పదవి ఎందుకు ఇవ్వలేదని సారును అడిగాను. క్లయింట్లతో మాట్లాడడం ఆయనకు ఇష్టం లేదని, ముందు ఆయననే అడిగానని సారు చెప్పారు.

గోదావరిఖని విశ్రాంత హెడ్ డ్రాఫ్ట్స్‌మన్:

ముందు ఆయననే అడిగారంటే సగం చిక్కు తీరినట్టే. పదవి ప్రకటించకముందే మీరు వెళ్లి ఆయనతో మాట్లాడండి. ఆఫీసులో కాదు, బయట, టీ దగ్గర. సారు నోటి నుంచి వినడానికి ముందు మీ నోటి నుంచి వినాలి. అయితే అనుమతి అడుగుతున్నట్టు మాట్లాడవద్దు, ఎందుకంటే ఆయన కాదంటే మీకు దారి ఉండదు, అవునంటే ఆ భారం ఆయన మీద పడుతుంది. “ఇలా అడిగారన్నా, నేను ఒప్పుకోవాలనుకుంటున్నాను, మీరు ఏ పని మీ దగ్గర ఉంచుకుంటారు?” అని అడగండి.

ఎర్ర పెన్ను గురించి కూడా ఒక మార్గం ఉంది. ఎవరు గీసినది వారే సరిచూడకూడదు, అది ఈ వృత్తిలో మొదటి సూత్రం. కనుక పెద్ద పనుల్లో చెకింగ్ బాధ్యత ఆయనకు అప్పగించండి, మీరు ఎప్పుడైనా గీస్తే దాన్నీ ఆయనే చూడాలి. ఆయన గీసినది మీరు చూడండి. మీ షీటు మీద ఆయన పెట్టిన ఎరుపును పిల్లలందరూ చూస్తారు కాబట్టి, ఆయన షీటు మీద మీరు పెట్టిన ఎరుపు ఎవరికీ అవమానంగా కనిపించదు. పిలుపు మార్చుకోవద్దు; అన్న అన్నగానే ఉండాలి. సెలవు చీటీ మాత్రం అందరిలాగే మీ దగ్గరికి రావాలి, అందులో మొహమాటం పడితే మిగతా ఆరుగురి విషయంలో మీ మాట నిలవదు.

జవాబు: కరీంనగర్ డిటైలర్

అందరూ ఒప్పుకోమనే చెబుతున్నారు కాబట్టి రెండో వైపు నేను రాస్తాను. నేను ఒక ఆఫీసులో కొన్నాళ్లు డ్రాయింగ్ విభాగం చూసుకుని, నా ఇష్టంతోనే ఆ పదవి వదిలి, ఇప్పుడు స్వతంత్రంగా స్టీల్ డిటైలింగ్, బార్ బెండింగ్ షెడ్యూళ్లు చేసుకుంటున్నాను. చిన్న ఆఫీసుల్లో మేనేజరు అన్న మాటకు చాలాసార్లు అర్థం వేరు. యజమాని చేతిలో ఉన్న అధికారాలు ఒక్కటీ కదలవు. ఆయనకు వచ్చే ఫోన్లు మాత్రం మీకు వస్తాయి. మీరు షీట్లు గీస్తూనే ఉంటారు, అదనంగా అందరి ఆలస్యానికీ మీరే సంజాయిషీ చెబుతారు.

ఒప్పుకునే ముందు సారును సూటిగా అడగండి. నేను సంతకం పెట్టని షీటు ఆఫీసు దాటి వెళ్లకూడదు, మీరు స్వయంగా వాట్సాప్‌లో పంపాలనుకున్నా సరే, దీనికి ఒప్పుకుంటారా? కొత్తవారిని తీసుకునేటప్పుడు వారి చేత ఒక షీటు గీయించి చూసే అవకాశం నాకు ఇస్తారా? గడువు కుదరదని నేను క్లయింటుకు చెప్పిన తరువాత మీరు ఫోను తీసుకుని కుదురుతుందని చెప్పకుండా ఉంటారా? మూడోదానికి నవ్వి ఊరుకుంటే, ఆ పదవిలో పేరు తప్ప ఇంకేమీ లేదని తెలుసుకోండి. వాట్సాప్ సంగతి తమాషాకు రాయలేదు. రివిజన్ సంఖ్య లేని పీడీఎఫ్ ఒకటి మేస్త్రీ ఫోనులో ఉండిపోయి, మార్చిన డ్రాయింగు ఇంజనీరు దగ్గర ఉంటే, సైటులో పాతదాని ప్రకారమే కడ్డీ కడతారు. మన వైపు జరిగే గొడవల్లో సగం అక్కడే పుడతాయని నా అభిప్రాయం.

పైకి ఎదగడానికి మేనేజరు పదవి ఒక్కటే దారి అనుకోవడం కూడా సరికాదు. గీతలో లోతుకు వెళ్లే దారి ఉంది. ఐఎస్ 13920 ప్రకారం భూకంప డిటైలింగ్, ఎస్‌పీ 34 చేతిపుస్తకంలోని పద్ధతులు, పీఈబీ షెడ్లు (ఫ్యాక్టరీలో ముందే తయారై వచ్చే స్టీలు షెడ్లు), ప్రీకాస్ట్ (ముందే పోసి తెచ్చే కాంక్రీటు భాగాలు), వీటిలో నిలిచిన డిటైలరుకు పని వెతుక్కుంటూ వస్తుంది. కడ్డీ బరువుకు వ్యాసం వర్గాన్ని 162తో భాగించాలన్న సూత్రం అందరికీ తెలుసు. ఆ లెక్కతో ఒక భవనంలో వృథా అయ్యే స్టీలును తగ్గించి చూపగలవాడు తక్కువ. గీసేటప్పుడు మీకు సమయం తెలియకుండా పోతుందా, లేక పక్కవాడి షీటులో తప్పు పట్టి అతనికి చెప్పినప్పుడు ఎక్కువ సంతోషమా? మొదటిదైతే నాలాంటి దారి చూసుకోండి.

జవాబు: వరంగల్ పాలిటెక్నిక్ అధ్యాపకుడు

చదువు ప్రశ్నకు ఎవరూ పూర్తిగా జవాబు చెప్పలేదు కాబట్టి ఆ ఒక్కదాని గురించే రాస్తాను. ఎంబీఏలో చేరడానికి డిగ్రీ ఉండాలి; డిప్లొమా డిగ్రీతో సమానం కాదు. కనుక ఎంబీఏ కావాలంటే ముందు డాక్టర్ బీఆర్ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోగాని మరెక్కడైనాగాని డిగ్రీ పూర్తి చేసి, ఆ తరువాత ఆలోచించాలి. మొత్తం ఐదేళ్ల మాట. మీ ప్రస్తుత అవకాశానికి దానితో సంబంధం లేదు.

బీటెక్ చేయాలనిపిస్తే దూరవిద్యలో ఇస్తామని చెప్పేవారి దగ్గరికి వెళ్లవద్దు. ఇంజనీరింగ్‌లో కరస్పాండెన్స్ డిగ్రీలు చెల్లవని సుప్రీంకోర్టు 2017 నవంబరులో స్పష్టంగా తీర్పు ఇచ్చింది. ఏఎంఐఈ (ఇంజనీర్ల సంస్థ నడిపే పరీక్ష) గురించి పాతవారు చెబుతుంటారు. 2013 మే 31 వరకు నమోదైనవారికే అది డిగ్రీతో సమానంగా గుర్తింపు పొందింది. ఈసెట్ (డిప్లొమా వారి ప్రవేశ పరీక్ష) రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరే దారి మంచిదే గాని, అది పగటిపూట చదువు, ఉద్యోగం మానుకోవాలి. ఉద్యోగం చేసేవారి కోసం అనువైన వేళల్లో బీటెక్ తరగతులు నడుపుకోవడానికి ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) 2023-24 విద్యా సంవత్సరం నుంచి కళాశాలలకు అనుమతి ఇస్తోంది. మీకు దగ్గరలో ఏ కళాశాలకు ఆ అనుమతి ఉందో ఏఐసీటీఈ వెబ్‌సైటులోనే చూసి నిర్ధారించుకోండి, కరపత్రాన్ని నమ్మవద్దు.

ఇంకొక మాట. మేనేజరు పేరు వచ్చినంత మాత్రాన స్ట్రక్చరల్ డిజైనుకు సంతకం చేసే అర్హత రాదు. డ్రాయింగు డిజైనుకు సరిపోయిందని మీరు చెబుతారు. డిజైను సరైనదని ఇంజనీరే చెప్పాలి. ఒత్తిడిలో ఉన్నప్పుడు “ఇంతకుముందు ఇలాంటిదే చేశాం కదా, ఆ సైజే పెట్టెయ్” అన్న మాట వస్తుంది. అనుభవం ఉన్న డ్రాఫ్ట్స్‌మన్‌కు సైజు దాదాపుగా తెలిసి ఉంటుంది కూడా. అయినా ఇంజనీరు రాసి ఇచ్చేవరకు ఆ గడిని ఖాళీగానే ఉంచండి.

హన్మకొండ డ్రాఫ్ట్స్‌మన్:

కరీంనగర్ వారు అడిగిన చివరి ప్రశ్న గురించి రెండు రోజులు ఆలోచించాను. కొత్త పిల్లలకు చెప్పడం నాకు ఇష్టమేనని తేలింది. అన్నతో కూడా మాట్లాడాను. చెకింగ్ తన దగ్గర ఉంటే చాలని, ఫోన్లు మాత్రం తనకు వద్దని ఆయన అన్నారు. సారును ఉత్తర్వు రాతపూర్వకంగా ఇమ్మని అడిగితే, “మన మధ్య కాగితాలు ఎందుకు?” అని నవ్వారు. దీన్ని పట్టుబట్టాలా, వదిలేయాలా?

జవాబు: హన్మకొండ నుంచి కార్మిక చట్టాల న్యాయవాది

వదలవద్దు. అందులో అపనమ్మకం ఏమీ లేదు, మీ చట్టపరమైన స్థితి మారుతోంది. సాంకేతిక పని చేసే డ్రాఫ్ట్స్‌మన్ 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికుడి నిర్వచనంలోకి వచ్చేవాడు. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ సాంకేతిక పని ఆ నిర్వచనంలోనే ఉంది. ప్రధానంగా మేనేజరు హోదాలో పనిచేసేవారు మాత్రం అందులోకి రారు. సూపర్వైజరుగా పనిచేస్తూ నెలకు 18,000 రూపాయలకు మించి జీతం తీసుకునేవారూ రారు. ఉద్యోగం నుంచి తీసేసినప్పుడు కార్మికుడికి ఉండే రక్షణలు, అదనపు గంటలకు వేతనం వంటివి ఈ గీత అటువైపు ఉన్నవారికి చాలావరకు వర్తించవు.

వివాదం వచ్చినప్పుడు హోదా పేరు ఏమిటన్నది కాక, నిజంగా ఏ పని ప్రధానంగా చేశారన్నది కోర్టులు చూస్తాయి. అందుకే కాగితంలో పేరుతోపాటు పనులు కూడా రాయించుకోండి: షీట్లు విడుదల చేసే అధికారం, సెలవులు మంజూరు చేసే అధికారం, నియామకాల్లో పాత్ర, జీతం, అది ఏ తేదీ నుంచి. ఒక పేజీ చాలు. కొత్త పదవి కుదరకపోతే ఇరువైపులా సమ్మతితో పాత హోదాకు, అప్పటి జీతానికి తగ్గకుండా, తిరిగి వెళ్లవచ్చునన్న వాక్యం ఒకటి చేర్చమనండి. అదనపు గంటల డబ్బు ఏడాదికి సగటున మీకు ఎంత వస్తోందో లెక్కవేసి, పెంపు దానికన్నా ఎక్కువ ఉందో లేదో ముందు చూసుకోండి. పెంపు అంతకన్నా తక్కువైతే, మీరు తక్కువ జీతానికి ఎక్కువ బాధ్యత ఒప్పుకుంటున్నట్టు. సారు కాగితం ఇవ్వకపోతే, మాట్లాడుకున్న విషయాలను మీరే మర్యాదగా ఒక ఈమెయిల్‌లో రాసి ఆయనకు పంపండి. “సరే” అని జవాబు వచ్చినా అది ఆధారమే.

హన్మకొండ డ్రాఫ్ట్స్‌మన్:

ఈమెయిల్ పంపాను. షీట్ల విడుదల, సెలవుల విషయంలో సారు ఒప్పుకున్నారు. నియామకాల్లో కొత్తవారి చేత నేను గీయించి చూసే పరీక్షకు సరేనన్నారు గాని, తుది మాట తనదేనన్నారు. పెంపు విషయంలో లెక్క చూపించాను; అదనపు గంటల సగటుకన్నా కొంచెం ఎక్కువకు ఒప్పుకున్నారు. గడువుల గురించి అడిగినప్పుడు మాత్రం ఇప్పటికైతే నవ్వే వచ్చింది. అయినా వచ్చే నెల మొదటి తేదీ నుంచి బాధ్యత తీసుకుంటున్నాను. డ్రాయింగ్ రిజిస్టరులో ఏయే నిలువు గడులు ఉండాలో ఎవరైనా చెప్పగలరా? ఇప్పుడు మా దగ్గర ఉన్నది షీటు సంఖ్య, తేదీ మాత్రమే.

గోదావరిఖని విశ్రాంత హెడ్ డ్రాఫ్ట్స్‌మన్:

పని సంఖ్య, షీటు సంఖ్య, షీటు పేరు, రివిజన్, రివిజన్‌కు కారణం, గీసినవారు, సరిచూసినవారు, విడుదల తేదీ, ఎవరికి పంపారు, ఏ రూపంలో పంపారు, అందినట్టు ఎవరు చెప్పారు, పట్టిన గంటలు. ఎక్సెల్‌లో పెట్టండి, కానీ ప్రతి శనివారం ఒక ప్రింటు తీసి గోడకు అంటించండి. సారు క్లయింటుతో ఫోను మాట్లాడేటప్పుడు నిలబడే చోటు ఏదో చూసి, ఆ గోడకే అంటించండి. గడువు ఒప్పుకునే ముందు ఆయన కన్ను దాని మీద పడుతుంది.